మాటలు లేని పాటను ఎక్కడ పట్టుకోవాలి?

కాంటాగది (మిర్యాలగూడ):

నేను ఒక రైస్ మిల్లులో కాంటా గుమస్తాను. యాసంగి ధాన్యం వచ్చే రోజుల్లో రాత్రి పని నాదే. లోడు లారీ కాంటా ఎక్కుతుంది, తూకం చూసి చీటీ ఇస్తాను, దిగి వెళ్తుంది. అది ఖాళీ అయి మళ్లీ వచ్చేదాకా నాకు పని లేదు. అమెరికాలో ఉన్న మేనల్లుడు ఒక జాబితా పంపాడు. "మామా, ఎప్పుడూ సినిమా పాటలేనా? ఇవి మొదటి నుంచి చివరిదాకా ఒక్క ఊపున విను" అన్నాడు. చిన్నప్పుడు భజనలో తాళాలు వాయించడం తప్ప నాకు సంగీతం రాదు. ఇరవై రోజుల్లో ఆరు ఆల్బమ్‌లు విన్నాను.

మైకేల్ జాక్సన్ 'థ్రిల్లర్' సంగతి వదిలేయండి, అందులో సగం పాటలకు మా బడి వార్షికోత్సవంలోనే పిల్లలు గంతులు వేశారు. జర్మనీ బృందం క్రాఫ్ట్‌వర్క్ వాళ్ల 'ఆటోబాన్' (అంటే హైవే) కారు తలుపు వేసిన చప్పుడుతో మొదలవుతుంది, వెంటనే ఇంజను, హారను. లారీ వచ్చిందనుకుని చీటీల పుస్తకం తీశాను! పాట ఒక్కటే 22 నిమిషాలకు పైన. అద్దంకి రోడ్డు మీద తెల్లవారుజామున బస్సులో కూర్చున్నట్టు ఉంది. మళ్లీ వినను, అయినా విన్నందుకు బాధ లేదు.

నిక్ డ్రేక్ 'పింక్ మూన్' మొత్తం 28 నిమిషాలే. ఒక గొంతు, ఒక గిటారు, ఒక్క పాటలో కాసేపు పియానో. రాత్రి రెండున్నరకు, వరుసలో బండి లేనప్పుడు పెట్టాను. ఇంగ్లీషు పాట కదా, పదిలో రెండు మాటలు అందాయేమో. కానీ మధ్యలో వాచ్‌మన్ వచ్చి అగ్గిపెట్టె అడిగితే కోపం వచ్చింది.

ఇక 'బ్లాక్ సబ్బత్', బృందం పేరూ అదే, 1970 నాటిది. వాన, దూరంగా గంట, ఆపైన పిడుగులాంటి గిటారు. దడుచుకుని తీసేశాను. తర్వాత మేనల్లుడు చెప్పాడు. ఆ గిటారు వాయించే టోనీ అయోమీ కుర్రవాడిగా రేకుల ఫ్యాక్టరీలో పని చేస్తుండగా కుడిచేతి రెండు వేళ్ల కొసలు యంత్రంలో తెగిపోయాయట. ఆయనది ఎడమచేతి వాటం, తంతులు నొక్కాల్సిన వేళ్లే అవి. ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకుని వాయించాడు. మా దగ్గర హమాలీ పెద్దాయన ఒకరికి బెల్టులో పడి చూపుడు వేలు సగమే మిగిలింది. ఆ సగం వేలికీ నడివేలికీ మధ్య బీడీ ఇరికించి, గాలి వీస్తున్నా ఒక్క పుల్లతో వెలిగిస్తాడు. ఆయన్ను తలచుకుంటూ ఆల్బమ్ మళ్లీ పెట్టాను. ఇప్పుడు వారానికి రెండుసార్లు వింటున్నాను.

నా ఇబ్బంది జాజ్ ట్రంపెట్ వాయించే మైల్స్ డేవిస్ 'కైండ్ ఆఫ్ బ్లూ'తో. మూడు రాత్రులు పెట్టాను. మాటలు లేవు, వాయిద్యాలే. పల్లవి లేదు, చరణం లేదు, ఎక్కడికి పోయి ఎక్కడికి తిరిగి వచ్చారో తెలియదు. ఇలాంటిదాన్ని ఎక్కడ పట్టుకోవాలి? ఇంకొకటి. పింక్ ఫ్లాయిడ్ 'డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్'లో 'మనీ' పాటకు బల్ల మీద తాళం వేస్తే ప్రతిసారీ తప్పుతోంది. తప్పు నాదా, వాళ్లదా?

తబలా మాస్టర్ (మహబూబ్‌నగర్):

ఎవరిదీ కాదన్నా. భజన అలవాటు కొద్దీ మీరు ఎనిమిది దెబ్బలకు వేస్తున్నారు, పాట ఏడులో ఉంది. మన మిశ్రచాపు, హిందుస్తానీ రూపక్ తాళం ఎన్ని మాత్రలో అదీ అన్నే. మొదట నాణేలు, గల్లాపెట్టె, కాగితం చింపిన చప్పుడు వస్తాయి కదా, ఆ టేపు ముక్కలను కొలిచి కత్తిరించి, అతికించి, చుట్టలా తిప్పారు. అక్కడే వేళ్ల మీద లెక్కపెట్టండి, ఏడు వస్తుంది. శాక్సోఫోన్ అయ్యేదాకా ఏడే. గిటారు అందుకోగానే నాలుగులోకి మారుతుంది, అక్కడ మాత్రం మీ తాళం సరిగ్గా పడుతుంది చూడండి. మా విద్యార్థులకు ఏడు నేర్పేటప్పుడు ఈ పాటే వినిపిస్తాను. వాళ్ల తల్లిదండ్రులకు చెప్పకండి.

దేవరకొండ టీచరు:

కాంటా అన్నా, 'కైండ్ ఆఫ్ బ్లూ' మొత్తం పెట్టకండి. మొదటి పాట 'సో వాట్' ఒక్కటే, అందులోనూ బాస్ (కింది స్వరాలు పలికే పెద్ద తీగల వాద్యం) ఒక్కటే వినండి. నెమ్మదైన ఎత్తుగడ అయ్యాక బాస్ ఒక మాట అడుగుతుంది, మిగతావాళ్లు రెండే స్వరాల్లో జవాబిస్తారు. ఒగ్గు కథలో కథకుడు ఒకటి అనగానే వంతలు అందుకుంటారే, అలాగే. అదే మీరు వెతుకుతున్న పల్లవి. రెండుసార్లు ఒకే ఎత్తులో వస్తుంది, మూడోసారి అర మెట్టు పైకి జరుగుతుంది, నాలుగోసారి కిందికి దిగుతుంది. ఆపైన ట్రంపెట్, రెండు శాక్సోఫోన్లు, పియానో ఒకరి తర్వాత ఒకరు సొంతంగా అల్లుకుంటూ పోతారు. ఎవరు ఎంత దూరం పోయినా కింద ఆ ఎక్కడం దిగడం మాత్రం ఆగదు.

మీ వృత్తికి తగిన ముచ్చట ఒకటి. 1959 మార్చిలో ఒక రోజు, ఏప్రిల్‌లో ఒక రోజు రికార్డు చేశారు. మార్చి నాటి యంత్రం కొంచెం నెమ్మదిగా తిరిగింది. ఆ టేపును మామూలు వేగంతో తిప్పేసరికి రికార్డు మొదటి వైపు మూడు పాటలూ వేగం, శ్రుతి రెండూ కాస్త హెచ్చి అచ్చయ్యాయి. 1990లలో సరిచేసేదాకా లోకమంతా తప్పు తూకంతోనే విన్నది.

నాగర్‌కర్నూల్ వాసి:

అన్నీ సరే. పన్నెండు మెట్ల కిన్నెర అనే తీగల వాద్యం మీద దర్శనం మొగిలయ్య గారు చెప్పే, ఉన్నవాళ్లను కొట్టి పేదలకు పెట్టిన పాలమూరు వీరుడు పండుగ సాయన్న కథను మొదటి నుంచి చివరిదాకా ఎప్పుడైనా విన్నారా? 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చాక మన జిల్లావాళ్లే "కిన్నెర అంటే ఏమిటి?" అని అడిగారు.

కాంటాగది (మిర్యాలగూడ):

అన్నా, నిజం చెప్పాలంటే సంతలో నిలబడి ముక్కలు ముక్కలుగా విన్నదే, కూర్చుని వినలేదు. ఆదివారం సెలవు, ఆ రోజు వింటాను.

మాస్టర్ గారూ, ఏడు కుదిరింది. పక్కన డ్రైవరు కూడా వేలు ఆడించాడు.

టీచరమ్మా, బాస్ పట్టుకుని రాత్రి నాలుగుసార్లు విన్నాను. మూడోసారి పైకి జరగడం తెలిసింది, లారీ ముందు చక్రాలు కాంటా ఎక్కినప్పుడు గది కదిలినట్టు. తప్పు తూకం మాట చదివాక మాత్రం మనసు ఊరుకోలేదు. మేనల్లుడి చేత పాతదీ సరిచేసినదీ రెండూ పంపించుకుని పక్కపక్కన విన్నాను. తేడా ఉంది. కాంటాలో అంత తేడా వస్తే రైతు నా గల్లా పట్టుకునేవాడు.

సబ్బత్ గురించి ఒక్కరూ మాట్లాడలేదు. వాళ్లదే, అదే ఏడాది వచ్చిన 'పారనాయిడ్' ఈ రాత్రి మొదలుపెడతాను. బయట పదకొండు బండ్లు ఉన్నాయి, ఎప్పటికి అవుతుందో.