ర్యామ్ 16 నుంచి 32 చేశాక పీసీ మధ్యలో పడిపోతోంది

రాత్రి_రెండర్:
పెళ్ళి వీడియోలు ఎడిట్ చేసే పీసీ. రైజెన్ 5 3600 ప్రాసెసర్, బీ450 మదర్‌బోర్డు. ఇన్నాళ్ళూ 8 జీబీ స్టిక్కులు రెండు, డీడీఆర్4 రకం, వేగం 3200, ఏ తంటా లేదు. పెద్ద ప్రాజెక్టులు మొయ్యట్లేదని అదే కంపెనీ, అదే మోడల్ ఇంకో జత తెచ్చి నాలుగు స్లాట్లూ నింపాను. విండోస్ 32 చూపిస్తోంది, బ్రౌజర్ అదీ బాగానే నడుస్తోంది, ఎక్స్‌పోర్ట్ పెట్టి అన్నానికి లేచానా, వచ్చేసరికి నీలం తెర. ఒకసారి మెమరీ మేనేజ్‌మెంట్ అంటుంది, ఇంకోసారి ఐఆర్‌క్యూఎల్ అంటూ ఇంకేదో. షాపతనేమో ఎస్‌ఎంపీఎస్ (పీసీకి కరెంటు ఇచ్చే పెట్టె) మార్చమంటున్నాడు. డెలివరీ దగ్గరపడింది, టెన్షన్‌గా ఉంది.

బోర్డు_బాబాయ్:
ఎస్‌ఎంపీఎస్‌కి ఇప్పుడే డబ్బు తగలెయ్యకండి. బయోస్‌లో, అంటే విండోస్ కంటే ముందు తెరిచే బోర్డు సెట్టింగుల్లో, ఎక్స్‌ఎంపీ ఆపి అదే ఎక్స్‌పోర్ట్ మళ్ళీ పెట్టండి. ఎక్స్‌ఎంపీ అంటే ర్యామ్‌ని డబ్బా మీది వేగానికి ఎక్కించే సెట్టింగ్, అది ఓవర్‌క్లాకింగే (మామూలు వేగం దాటించి నడపడం), షాపుల్లో ఈ ముక్క ఎవరూ చెప్పరు. మీ ప్రాసెసర్‌కి దాని కంపెనీ ఏఎండీ 3200 అని చెప్పింది రెండు స్టిక్కులకు. నాలుగు పెడితే సింగిల్ ర్యాంక్ (ర్యాంక్ అంటే స్టిక్కు మీద కలిసి పనిచేసే చిప్పుల గుంపు) అయితే 2933, డ్యూయల్ ర్యాంక్ అయితే 2667, అంతే. డబ్బా మీద 3200 అని ఉన్నది ఆ డబ్బాలో ఉన్న జతకు పరీక్ష చేసి ఇచ్చిన మాట, రెండు డబ్బాలు కలిపితే ఎలా ఉంటుందో కంపెనీకి కూడా తెలీదు.

గోదారి_గేమర్:
అదే మోడల్ అన్నారు కదా అన్నా, పీసీలో ఏ భాగాలున్నాయో చూపించే సీపీయూ-జీ సాఫ్ట్‌వేర్‌లో ఎస్‌పీడీ ట్యాబ్ తెరిచి స్లాట్ స్లాట్‌కీ చూడండి. పాత జతలో శాంసంగ్ చిప్పులు, కొత్త దాంట్లో మైక్రాన్ ఉండొచ్చు, పైన హీట్‌సింక్, పేరు మాత్రం ఒకటే. విడివిడిగా రెండూ బంగారం, కలిపితే తోడికోడళ్ళ కాపురం.

లినక్స్_లచ్చి:
ఒక్క మాట, ఇది తేలేదాకా ఆ పీసీలో అసలు ఫుటేజ్ ముట్టుకోవద్దు, కెమెరా కార్డులు ఫార్మాట్ చెయ్యొద్దు. ర్యామ్ తప్పు చదివితే నీలం తెర వచ్చి ఊరుకోదు, కాపీ చేసిన ఫైల్ చప్పుడు లేకుండా పాడవుతుంది, తెరిచేదాకా తెలీదు కూడా. పెళ్ళి మళ్ళీ షూట్ చెయ్యలేం కదా.
ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86+ పెన్‌డ్రైవ్‌లో వేసి, దాంతో పీసీ ఆన్ చేసి రాత్రంతా వదిలెయ్యండి. విండోస్‌లో వచ్చే టెస్ట్ పాసైందని సంబరపడొద్దు, అది చాలా వదిలేస్తుంది. ఒక్క ఎర్రగీత వచ్చినా ఫెయిలే. వస్తే ఒక్కో స్టిక్కునీ ఒక్కదాన్నే, ప్రాసెసర్ వైపు నుంచి రెండో స్లాట్‌లో పెట్టి చూడండి. ఒంటరిగా అన్నీ పాసై, కలిపినప్పుడే ఫెయిలైతే స్టిక్కుల తప్పు కాదని అర్థం.

వైజాగ్_వైర్లు:
పిన్నులు రబ్బరుతో రుద్దారా? ఇక్కడ ఉప్పుగాలికి సగం కేసులు దాంతోనే సెట్ అవుతాయి.

లినక్స్_లచ్చి:
రబ్బరు పొట్టు స్లాట్‌లో పడితే కొత్త తలనొప్పి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి చాలు. కొత్త స్టిక్కుకి అదీ అక్కర్లేదు, రెండు చివర్లా క్లిక్‌మనేదాకా నొక్కితే సరి.

బోర్డు_బాబాయ్:
డీడీఆర్5 వాళ్ళు కూడా గమనించండి. రైజెన్ 7000లో రెండు స్టిక్కులకు 5200, నాలుగైతే 3600 అని ఏఎండీయే రాసింది. పైగా కొత్త ర్యామ్ వేశాక మొదటిసారి తెర నల్లగా నిమిషాలకొద్దీ ఉంటుంది, అది మెమరీ ట్రైనింగ్. బోర్డు పోయిందని కంగారుపడి స్విచ్ కట్టేస్తే మళ్ళీ మొదటికొస్తుంది.

రాత్రి_రెండర్:
ఎక్స్‌ఎంపీ ఆపితే ఎక్స్‌పోర్ట్ మొత్తం అయ్యింది! తర్వాత ఎక్స్‌ఎంపీ ఉంచి వేగం మాత్రం 2933కి తగ్గించా, మెమ్‌టెస్ట్‌లో ఎర్రగీతలు. 2667లో తెల్లారేదాకా శుభ్రం. సీపీయూ-జీలో చూస్తే గోదారి అన్న చెప్పినట్టే చిప్పులు వేరు. 2667లో ఉంచేస్తే స్పీడ్ బాగా పడిపోతుందా?

బోర్డు_బాబాయ్:
గేముల్లో కాస్త తెలుస్తుంది, రైజెన్ లోపలి భాగాల్ని కలిపే ఫ్యాబ్రిక్ ర్యామ్ వేగంతో కలిసి నడుస్తుంది కాబట్టి. మీ పనికి మాత్రం 16 జీబీతో 3200 కంటే 32 జీబీతో 2667 నయం. అది సరిపోదనిపిస్తే 16×2 ఒకే డబ్బాలో కొనండి. ఇన్నిసార్లు పడిపోయింది కదా, ఒకసారి కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మిన్‌గా తెరిచి ఎస్‌ఎఫ్‌సీ స్కాన్‌నౌ (sfc /scannow) కూడా కొట్టండి, విండోస్ ఫైళ్ళేమైనా చెడి ఉంటే బాగుచేస్తుంది.

రాత్రి_రెండర్:
షాపతను కొత్త జత వెనక్కి తీసుకుంటాడట, పాతది వద్దన్నాడు. వాడిన 8 జీబీ జత సికింద్రాబాద్ కంప్యూటర్ మార్కెట్ సీటీసీలో ఎంతకు పోతుంది?

గోదారి_గేమర్:
ముందు ఆ పెళ్ళివారికి డెలివరీ ఇవ్వండి అన్నా, బేరాలు తర్వాత.