‘అబూఉ’: సయ్యిదుల్ ఇస్తిగ్‌ఫార్‌లోని ఒప్పుకోలుకు తెలుగు మాట

సయ్యిదుల్ ఇస్తిగ్‌ఫార్ (‘క్షమాపణ వేడుకోలులలో శ్రేష్ఠమైనది’) అనే ఇస్లామీయ దుఆలో, అంటే ప్రార్థనలో, రెండుసార్లు వచ్చే ‘అబూఉ’ అనే అరబీ క్రియను తెలుగులో ‘అంగీకరిస్తున్నాను’ అనాలా, ‘ఒప్పుకుంటున్నాను’ అనాలా అని ఈ చర్చను ప్రారంభించిన మిత్రులు అడిగారు. ‘ఒప్పుకుంటున్నాను’ అనడమే సరైనదని నా అభిప్రాయం. క్రియ ఒక్కదాన్నే విడదీసి చూస్తే ఈ సంగతి తేలదు కనుక కొంచెం వివరంగా రాస్తున్నాను.

ప్రవక్త సహచరుడు షద్దాద్ బిన్ ఔస్ ఉల్లేఖనంగా సహీహ్ బుఖారీ అనే హదీసు (ప్రవక్త పలుకుల, పనుల నివేదిక) సంకలనంలో నమోదైన ఈ దుఆను ప్రవక్త ముహమ్మద్ (ఆయనపై శాంతి కలుగుగాక) క్షమాపణ వేడుకోలులన్నిటిలోకీ శ్రేష్ఠమైనదిగా పేర్కొన్నారు. దృఢమైన నమ్మకంతో పగటిపూట దీన్ని పలికి సాయంత్రం కాకముందే మరణించినవారు, అలాగే రాత్రి పలికి తెల్లవారకముందే మరణించినవారు స్వర్గవాసులవుతారని అదే హదీసు చెబుతుంది. అందులో మన చర్చకు సంబంధించిన భాగం ఇది: ‘అబూఉ లక బినిఅ్‌మతిక అలయ్య, వ అబూఉ బిజంబీ, ఫగ్‌ఫిర్ లీ, ఫఇన్నహూ లా యగ్‌ఫిరుజ్జునూబ ఇల్లా అంత.’ నాపై నీవు చేసిన మేలును, నా పాపాన్ని ‘అబూఉ’, కనుక నన్ను క్షమించు, పాపాలను క్షమించేవాడివి నీవే అని దీని భావం. ఒకే క్రియ మొదట అల్లాహ్ చేసిన మేలుకూ, ఆ వెంటనే దాసుడు చేసిన పాపానికీ వచ్చింది. ‘అంగీకరించు’ అనే మాట ప్రతిపాదనకో షరతుకో సరిపోతుంది గాని, ‘నీ మేలును అంగీకరిస్తున్నాను’ అంటే ఇవ్వజూపినదాన్ని పుచ్చుకోవడానికి సమ్మతించినట్టు ధ్వనిస్తుంది. ‘ఒప్పుకొను’ అలా కాక, పొందిన మేలుకూ చేసిన తప్పుకూ సమానంగా నప్పుతుంది. మేలుకు ‘గుర్తిస్తున్నాను’ అనీ పాపానికి ‘ఒప్పుకుంటున్నాను’ అనీ వేర్వేరు క్రియలు వాడితే అర్థం దెబ్బతినదు గాని, ఇంత మేలు పొంది కూడా ఈ పని చేశానన్న సిగ్గు రెండు వాక్యాల మధ్య జారిపోతుంది.

ఈ క్రియ మూలార్థం కూడా చూడదగినది. ‘అబూఉ’కు మూలమైన ‘బాఅ’ అంటే మరలి రావడం. దాని తరువాత ‘బి’ చేరితే దేన్నో వెంటబెట్టుకుని, దాని భారంతో సహా మరలి రావడం. ఖురాన్ 2:61లో (2వ అధ్యాయం, 61వ వాక్యం) ‘బాఊ బిగజబిమ్ మినల్లాహ్’ అన్నప్పుడు అల్లాహ్ ఆగ్రహాన్ని తమపైకి తెచ్చుకున్నారని అర్థం. 5:29లో ఆదమ్ ఇద్దరు కుమారులలో హత్యకు గురికానున్నవాడు తన సోదరునితో నా పాపమూ నీ పాపమూ రెండూ నీవే మోయాలని అనేటప్పుడు కూడా ఇదే క్రియ వస్తుంది. ఈ చోట్ల తెలుగులోని ‘మూటగట్టుకొను’ అచ్చంగా అమరుతుంది, ఎందుకంటే పాపాన్ని మూటగట్టుకోవడమనే నుడికారం మనకు ఎప్పటినుంచో ఉంది. దుఆలో మాత్రం అది పనికిరాదు. అక్కడ దాసుడు మూటగట్టుకుంటున్నానని చెప్పడం లేదు, కట్టుకున్న మూటతోనే ప్రభువు ఎదుట నిలబడి ఇది నాదేనని అంటున్నాడు. అందుకే వ్యాఖ్యాతలు ఇక్కడి ‘అబూఉ’కు ఒప్పుకోవడమనే అర్థమే చెప్పారు.

ఒప్పుకోలులో కర్త ఎవరన్నది తెలుగువారు ప్రత్యేకంగా గమనించవలసిన విషయమని నాకు తోస్తుంది. ‘తప్పు జరిగిపోయింది’, ‘పొరపాటు దొర్లింది’ అంటూ చేసినవాడు కనబడకుండా తప్పును చెప్పే సౌకర్యం మన భాషలో పుష్కలంగా ఉంది. ఖురాన్‌లోని ఒప్పుకోలు వాక్యాలకు ఈ సౌకర్యాన్ని వర్తింపజేస్తే అనువాదం చెడిపోతుంది. ఆదమ్ దంపతులు 7:23లో ‘రబ్బనా జలమ్నా అన్‌ఫుసనా’ అన్నారు, అంటే ‘మా ప్రభూ, మాకు మేమే అన్యాయం చేసుకున్నాము’. ఇక్కడ ‘చేసుకున్నాము’లోని ‘కొను’ అరబీ వాక్యంలోని ‘అన్‌ఫుసనా’ను సునాయాసంగా మోస్తుంది. అదే సూరాలో (అధ్యాయంలో) కొద్ది వాక్యాల ముందు, 7:16లో, ఇబ్లీస్ (సైతాను) ‘నీవు నన్ను దారి తప్పించావు గనుక’ అని నేరాన్ని అల్లాహ్‌పైకే నెట్టాడు. ఆజ్ఞను మీరిన రెండు పక్షాలనూ ఒకే సూరా పక్కపక్కన నిలబెట్టి, వారి మాటల్లో కర్త మారిన తీరును మనకు చూపిస్తున్నది. ‘మావల్ల అన్యాయం జరిగింది’ అని అనువదిస్తే ఆ భేదం సగం చెరిగిపోయినట్టే.

మరో విశేషమేమిటంటే, ఇలాంటి వేడుకోలులలో కొన్నిటిలో మాత్రమే ‘క్షమించు’ అనే విధి రూపం ఉంటుంది. 28:16లో ప్రవక్త మూసా ‘నాకు నేనే అన్యాయం చేసుకున్నాను, నన్ను క్షమించు’ అని సూటిగా అడిగారు. ఆదమ్ దంపతులు ‘నీవు క్షమించకపోతే, కరుణించకపోతే మేము నష్టపోతాము’ అని ఊరుకున్నారు. 21:87లో చేప కడుపులోని చీకట్ల నుంచి మొరపెట్టుకున్న ప్రవక్త యూనుస్ అయితే అల్లాహ్ పవిత్రతను కొనియాడి, ‘నేను దుర్మార్గులలో ఒకడినయ్యాను’ అనడంతోనే ఆపేశారు. అడగడమన్నది ఒప్పుకోవడంలోనే ఇమిడిపోయింది. అనువాదకులు జాలిపడి ఇక్కడ ‘నన్ను మన్నించు’ అని చేర్చకూడదు.

‘గఫర’ ధాతువుకు కప్పడమనే అర్థం ఉన్నది కనుక ‘ఫగ్‌ఫిర్ లీ’ని ‘నా పాపాలను కప్పివేయి’ అనవచ్చు కదా అని ఈ చర్చలో ఒక మిత్రులు సూచించారు. ఆ అర్థం ఉన్నమాట నిజమే. శిరస్త్రాణాన్ని ‘మిగ్‌ఫర్’ అంటారు, హిజ్రీ 8వ సంవత్సరంలో మక్కాలో ప్రవేశించినప్పుడు ప్రవక్త తలపై అది ఉన్నట్టు ఆయన సహచరుడు అనస్ ఉల్లేఖనం చెబుతుంది. అయినప్పటికీ తెలుగులో తప్పును కప్పడమంటే కప్పిపుచ్చడమే స్ఫురిస్తుంది గాని క్షమ స్ఫురించదు. మన నుడికారంలో దీనికి దగ్గరగా వచ్చేది ‘తప్పును కడుపులో పెట్టుకొను’ అన్నది, ఎందుకంటే దానిలో దాచడమూ క్షమించడమూ రెండూ ఉన్నాయి. కాని అల్లాహ్‌కు దేహాన్ని ఆపాదించే మాట ముస్లిం పాఠకునికి సమ్మతం కాదు. మరో సహచరుడు ఇబ్నె ఉమర్ ఉల్లేఖించిన హదీసు ఈ చిక్కును విప్పుతుంది. ప్రళయదినాన అల్లాహ్ విశ్వాసిని దగ్గరకు తీసుకుని, ఇతరుల కంటబడకుండా మరుగు కల్పించి, అతని పాపాలను ఒక్కొక్కటిగా ఒప్పించి, ‘లోకంలో వీటిని దాచాను, ఈనాడు క్షమిస్తున్నాను’ అంటాడు. అక్కడ దాచడానికి ‘సతర’, క్షమించడానికి ‘గఫర’ వేర్వేరుగా వాడబడ్డాయి కాబట్టి మనమూ ‘క్షమించు’ అనే ఉంచడం మేలు.

ఈ ఒప్పుకోలు అల్లాహ్ ఎదుటనే తప్ప మనుషుల మధ్య చాటేది కాదని కూడా గుర్తుంచుకోవాలి. రాత్రి చేసిన పాపాన్ని అల్లాహ్ దాచిపెడితే తెల్లవారి తానే దాన్ని బయటపెట్టుకునేవాడిని హదీసు గర్హించింది. సాటి మనిషి హక్కును హరించిన సందర్భంలో మాత్రం ఆ హక్కును తిరిగి అప్పగించనిదే తౌబా (పశ్చాత్తాపం) పూర్తికాదని పండితులు చెప్పారు.

ఖురాన్‌లో ఒప్పుకోలుకు ‘ఇఅ్‌తరఫ’ అనే మరో క్రియ ఉంది. 9:102లో మంచిపనినీ చెడ్డపనినీ కలగలిపి చేసినవారు పాపాలను ఒప్పుకోగా వారికి ఆశ చూపబడింది. 67:11లో నరకవాసులు అదే క్రియతో పాపాన్ని ఒప్పుకుంటే వారికి అల్లాహ్ కరుణకు దూరం కావడమే ప్రాప్తించింది. రెండు చోట్లా ‘ఒప్పుకున్నారు’ అనే అనువదించాలి. నరకవాసుల విషయంలో ‘బయటపెట్టారు’ వంటి మాట వాడితే, వారి ఒప్పుకోలులో లోపం ఉందన్న భ్రమ కలుగుతుంది. నిజానికి వారికి మించిపోయింది గడువు.

ఇంతకీ నా ప్రతిపాదన ఇది: ‘నాపై నీవు చేసిన మేలును నీ ఎదుట ఒప్పుకుంటున్నాను, నా పాపాన్నీ ఒప్పుకుంటున్నాను, కనుక నన్ను క్షమించు, పాపాలను క్షమించేవాడివి నీవు తప్ప మరెవరూ లేరు.’ కొన్ని ఉల్లేఖనాలలో రెండో ‘అబూఉ’ తరువాత కూడా ‘లక’ (నీకు) ఉన్నది కాబట్టి, ఆ పాఠాన్ని అనుసరించేవారు ‘నీ ఎదుట’ను రెండుచోట్లా వేయవచ్చు.