తోడేళ్ల గుంపులో ఆల్ఫాకి మాత్రమే జత కట్టే హక్కు ఉంటుందంటారు, నిజమేనా?

కొంపల్లి_శునకం:
కుక్కలకి ట్రైనింగ్ ఇచ్చే ఒకాయన నా లాబ్రడార్‌ని మెడ పట్టి నేలకి అదిమి పడుకోబెట్టమంటున్నాడు, తోడేళ్లలో ఆల్ఫా, అంటే గుంపుని ఏలే తోడేలు, అలాగే చేస్తుందట, మిగతావాటిని కొట్టి అణచి ఉంచుతుంది కాబట్టే ఆల్ఫా జంట ఒక్కటే పిల్లల్ని పెడుతుందట. ఇది సైన్సేనా?

డెక్కన్_పచ్చిక:
కాదండి, దయచేసి మీ కుక్కని అలా చెయ్యకండి. ఈ మాట పాకింది జంతువుల మీద పరిశోధన చేసే రుడాల్ఫ్ షెంకెల్ 1947లో రాసిన పేపర్ నుంచి, ఆయన చూసింది స్విట్జర్లాండ్‌లో బాసెల్ జూ తోడేళ్లని. బయటికి పోయే దారి లేని చోట పెట్టేస్తే ఏ జంతువైనా కొట్టుకుంటుంది. అడవిలో గుంపు అంటే మామూలుగా ఒక తల్లి, ఒక తండ్రి, ఈ ఏటి పిల్లలు, పోయినేటి పిల్లలు, అంతే. తోడేళ్ల మీద పరిశోధన చేసిన డేవిడ్ మెక్ కూడా 1970లో ఆల్ఫా అనే రాశాడు, కానీ కెనడా ఉత్తరాన ఎల్స్‌మియర్ దీవిలో 1986 నుంచి ఎన్నో వేసవులు అడవి తోడేళ్ల దగ్గరే ఉండి చూశాక 1999లో ఆ మాట వద్దని తనే పేపర్ రాశాడు. మిగతావి జత కట్టకపోవడానికి కారణం భయం కాదు, అవి ఆ జంటకి పుట్టిన పిల్లలే. జత కావాలంటే ఇల్లు వదిలి పోతాయి, ఎక్కువగా ఏడాదికీ మూడేళ్లకీ మధ్య. స్లావ్‌ట్స్ అనే మగ తోడేలు 2011 చివర్లో స్లొవేనియాలో బయల్దేరి ఆస్ట్రియా కొండలు దాటి, వెయ్యి కిలోమీటర్ల పైన నడిచి ఇటలీలో వెరోనా దగ్గర ఒక ఆడదాన్ని కలిసింది, 2013లో పిల్లలు పుట్టాయి.

సైదాబాద్_సవాల్:
అన్నా మరీ అంత మెత్తగా చెప్తే ఎలా. అమెరికాలో యెల్లోస్టోన్ నేషనల్ పార్క్‌లో డ్రూయిడ్ పీక్ అనే తోడేళ్ల గుంపు చూడండి, 2000లో ఒకే గుంపులో మూడు ఆడవి పిల్లలు పెట్టాయి. పరిశోధకులు 40 అని నంబర్ పెట్టిన ఆడతోడేలు తన అక్కచెల్లెళ్లని కరిచి కరిచి పెట్టేది, చివరికి గుంపులో ఆడవే దాన్ని చంపాయని అక్కడ చూసినవాళ్లు తేల్చారు. ఇది పెత్తనం కాకపోతే ఏంటి?

డెక్కన్_పచ్చిక:
పెత్తనం లేదని నేను అనలేదు తమ్ముడూ. ఆడవి ఏడాదికి ఒక్కసారే ఎదకొస్తాయి, ఆ కొన్ని వారాలు గుంపులో గొడవ నిజమే. కానీ ఆ గుంపులో మగది, 21 నంబర్‌ది, 1997లో వేరే గుంపు నుంచి వచ్చింది, ఆ ఆడవి ఏవీ దాని కూతుళ్లు కావు, అందుకే ఒకటి కంటే ఎక్కువ జతలు కుదిరాయి. పైగా ఎల్క్ జింకలు బోలెడు దొరికే చోటు. 40 చనిపోయాక దాని తోబుట్టువు 42 ఏం చేసిందో కూడా చెప్పాలిగా, తన పిల్లల్ని నోట కరుచుకుని 40 బొరియకి మోసుకెళ్లి దాని పిల్లల్తో కలిపి పెంచింది, నాకు తోడేళ్ల గురించి తెలిసిన వాటిల్లో ఇంతకంటే గొప్ప సంగతి లేదు.

సైదాబాద్_సవాల్:
మరి రక్తసంబంధం అంత అడ్డమైతే అమెరికాలోని ఐల్ రాయల్ దీవిలో జరిగిందేంటి? 2016కి రెండే తోడేళ్లు మిగిలాయి, తండ్రీ కూతుళ్లు.

డెక్కన్_పచ్చిక:
బయటి నుంచి జత దొరికే దారి మూసుకుపోతే జరిగేది అదే. చుట్టూ సుపీరియర్ సరస్సు, చలికాలం సరస్సు గడ్డకట్టి తోడేళ్లు దాటి వచ్చే మంచు వంతెన సరిగ్గా పడట్లేదు. 2018లో కొత్త తోడేళ్లని తెచ్చి వదలాల్సొచ్చింది.

జహీరాబాద్_పొల్లగాడు:
మీరంత అమెరికా ముచ్చట్లే చెప్తున్రు, మన తోడేలు సంగతేంది? మన దగ్గర వానలు పోయినంక జత కడ్తయ్, రెండు నెలలకి చలికాలంల పిల్లలైతయ్, కుక్కకి ఎన్ని దినాలో గీటికి గన్నే. దేశం మొత్తంల మూడు వేల పైచిలుకే ఉన్నయని 2022ల లెక్క గట్టిన్రు, పులులకంటె తక్కువ. ఇల్లు వదిలిన పిల్ల తోడేలుకి జోడు దొర్కకపోతె ఏం జేస్తది, ఊరకుక్కతోని కడ్తది. పుణె కాడ గట్ల పుట్టిన సంకరాన్ని 2023ల జీనోమ్ పరీక్ష జేసి తేల్చిన్రు. నాకైతె ఆల్ఫా ఉన్నదా లేదా అన్నదానికంటె గిదే పెద్ద పంచాయితి.

డెక్కన్_పచ్చిక:
నూటికి నూరు పాళ్లు. తోడేలుకి కావాల్సింది దట్టమైన అడవి కాదు, గడ్డి, పొదలు, బొరియ తవ్వుకునే గట్టు. అలాంటి పొదల నేలని మన సర్కారు లెక్కల్లో బంజరు కింద రాస్తారు, ఆ బంజరు భూముల మ్యాపుల పుస్తకం, వేస్ట్‌ల్యాండ్ అట్లాస్‌కి, శాటిలైట్ మ్యాపింగ్ చేసేది మన హైదరాబాద్ బాలానగర్‌లోని ఎన్ఆర్ఎస్సీనే (నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్). బంజరు అని పేరు పడ్డాక దాంట్లో వెంచర్ వేసినా సోలార్ పలకలు పరిచినా ఎవరూ అడ్డు చెప్పరు. మీ వైపు గొర్రెల కాపరులు ఇప్పటికీ తోడేళ్లని చూస్తున్నారా, ఏ నెలల్లో జంటగా కనిపిస్తున్నాయి? తెలిస్తే రాయండి.