తెలియనివాళ్లను ఇంట్లో చేర్చుకోవాలా, లాడ్జి డబ్బులిస్తే సరిపోతుందా?

పెరంబూరు కోడలు:
అందరికీ వందనాలు. మాది చెన్నై పెరంబూరులో చిన్న తెలుగు క్రైస్తవ సంఘం. సెంట్రల్ స్టేషన్‌కి ఎదురుగానే జీహెచ్, అంటే ప్రభుత్వ పెద్దాసుపత్రి, ఉంది కదా, నెల్లూరు, ప్రకాశం వైపు నుంచి రోగులు బండి దిగి నేరుగా అక్కడికే వస్తారు. తోడొచ్చినవాళ్లకు పడుకోవడానికి చోటుండదు. పోయిన నెల ఆరాధన అయ్యాక మా పాస్టరు అయ్యగారు, ఒక్కో ఇల్లు ఒక్కో కుటుంబాన్ని రెండు రాత్రులు చేర్చుకోమన్నారు. మావారు నన్నొక మాట అడక్కుండా మేం చేర్చుకుంటామని చెయ్యెత్తేశారు. మాది ఒక బెడ్‌రూం ఇల్లు. పాప పదో తరగతి. స్త్రీల కూడికలో నేను "తలా కొంత వేసుకుని లాడ్జిలో గది తీసిద్దాం" అంటే, నాకు విశ్వాసం తక్కువన్నట్టు చూశారు. నిజంగా నాదే తప్పా?

విల్లివాక్కం బ్రదర్:
తప్పేం లేదు సిస్టర్. లూకా 10లో సమరయుడు దెబ్బలు తిన్నవాణ్ణి తన ఇంటికి తీసుకెళ్లలేదు. పూటకూళ్లవాని ఇంటికి తీసుకెళ్లాడు, రెండు దేనారాలిచ్చాడు, ఇంకేమైనా ఖర్చయితే తిరిగొచ్చేటప్పుడు ఇస్తానన్నాడు. ప్రభువు మాదిరిగా చూపించింది ఆయన్నే.

మా సంగతి చెప్తాను. ఒకతను సంఘం లెటర్‌హెడ్ మీద ఉత్తరం పట్టుకుని వచ్చాడు. రెండు పూటలు మాతోపాటే భోంచేశాడు, ప్రార్థనలో కూర్చున్నాడు. తెల్లారేసరికి మా అబ్బాయి ఫోనూ లేదు, అతనూ లేడు. ఉత్తరంలోని నంబరు పనిచెయ్యలేదు. ఆ తర్వాత నెల రోజులు మా ఆవిడకు కంటి మీద కునుకు లేదు. ఇలాంటివి ఆదిమ సంఘానికీ తెలుసు. మొదటి, రెండో శతాబ్దాల నాటి దిడాకే అనే బోధల పుస్తకంలో ఖచ్చితంగా రాసుంది: దారిన పోయేవాడు రెండు మూడు రోజులకు మించి ఉండకూడదు, స్థిరపడతానంటే పని చేసుకుని తినాలి, డబ్బు అడిగే ప్రవక్త అబద్ధ ప్రవక్త.

అయనావరం పెద్దాయన:
బ్రదర్, మీ ఇంట్లో జరిగింది చాలా బాధ కలిగించింది. కానీ ఆ వాక్యం ఇంకొక్కసారి చదవండి. "మరునాడు" ఆ దేనారాలిచ్చాడని ఉంది. అంటే ఆ రాత్రి తనే పక్కన ఉండి పరామర్శించాడు. పైగా ఆయన ప్రయాణంలో ఉన్నవాడు, ఇల్లు దగ్గర్లో లేదు. మన ఇళ్లు జీహెచ్‌కి అరగంట దూరం.

నేను మాట్లాడుతున్నది పుస్తకం చూసి కాదు. 1994లో మా అమ్మను తీసుకొచ్చినప్పుడు నాకు తమిళం ఒక్క ముక్క రాదు. మూడు రాత్రులు వరండాలో పేపరు పరుచుకుని పడుకున్నాను. నాలుగో రోజు, పక్క మంచం రోగిని చూడ్డానికి వచ్చిన ఒకావిడ నన్ను వాళ్లింటికి తీసుకెళ్లింది. వేణ్ణీళ్లు కాచిచ్చింది. అమ్మ గట్టి ముద్ద మింగలేదని చెబితే, పొద్దున్నే గంజి వడకట్టి, ఉప్పేసి, ఫ్లాస్కులో పోసిచ్చింది. డాక్టరు రాసిన చీటీ చదివి ఏ మాత్ర ఎప్పుడో తెలుగులో చెప్పింది. లాడ్జిలో ఇవి దొరకవమ్మా. ఆతిథ్యం చెయ్యడం మరవొద్దనే హెబ్రీ 13:2 చదివిన ప్రతిసారీ నాకు ఆ ఫ్లాస్కు గుర్తొస్తుంది. అక్కడ గ్రీకులో ఉన్న ఫిలోక్సేనియా అనే మాటకు అర్థమే అపరిచితుల మీద ప్రేమ.

పెరంబూరు కోడలు:
అయ్యా, చదువుతుంటే కళ్లు చెమర్చాయి. కానీ ఒకటి గమనించారా? ఆ గంజి కాచింది ఒక ఆడమనిషి. ఆదికాండము 18లో అబ్రాహాము పరుగెత్తుకెళ్లి ముగ్గురిని పిలిచాడు. వెంటనే గుడారంలోకొచ్చి శారాతో "నీవు త్వరపడి మూడు మానికల మెత్తని పిండి" పిసికి రొట్టెలు చెయ్యమన్నాడు. మూడు మానికలు! శారాను ముందుగా అడిగినట్టు అక్కడ లేదు. ఆతిథ్యం మీద ఎన్నో ప్రసంగాలు విన్నాను, ఆ పిండి గురించి ఎవరూ చెప్పలేదు. "సణుగుకొనకుండ" ఆతిథ్యం చెయ్యమని పేతురు రాశాడు, సరే. సణుగుడు ఎక్కడ పుడుతుందో మగవాళ్లు ఆలోచించాలి.

మా ఇంటికొచ్చింది కావలి వైపు దంపతులు. ఆయనకు గొంతులో గడ్డ. రెండో రోజు నాలుగింటికి చేతిపంపు చప్పుడుకి మెలకువొచ్చింది. చూస్తే ఆవిడ నా బిందెలు అప్పటికే ఏడు నింపి, చీర కొంగుతో మూతలు తుడిచి పెడుతోంది. "నిన్న మీరు పట్టడం చూశానమ్మా, ఎన్ని కావాలో లెక్కపెట్టుకున్నా" అంది. ఎనిమిదోది ఇద్దరం పట్టాం. వాళ్లు వెళ్లాక ఇల్లు బోసిపోయింది. అందుకే ఇక్కడ అడుగుతున్నాను, లేకపోతే లాడ్జి అని ఊరుకునేదాన్ని.

చాకలిపేట సిస్టర్:
ఎవరూ అడగని మాట ఒకటి అడుగుతాను. ఎవరిని ఎవరింటికి పంపాలో ఎలా నిర్ణయిస్తున్నారు? మేము ఇదివరకు వెళ్లిన ఒక సంఘంలో ఇంటిపేరు చూసి పంపేవాళ్లు. మా పిన్ని ఒకింట్లో దిగితే, "మీరెవరి తాలూకు?" అని రెండుసార్లు అడిగి, మర్నాటి నుంచి కాఫీ వేరే గ్లాసులో ఇచ్చారు. ఆవిడ ఆ గ్లాసు తనే కడిగి, కిటికీలో బోర్లించి, ఆ రోజే వచ్చేసింది. "పరదేశినై యుంటిని, నన్ను చేర్చుకొంటిరి" అన్న ప్రభువుకు ఆ గ్లాసు ఇస్తామా? అలా చేర్చుకునేకంటే లాడ్జి వెయ్యి రెట్లు నయం.

విల్లివాక్కం బ్రదర్:
సిస్టర్, మీరన్నది నిజం, నా దగ్గర జవాబు లేదు.

2015 డిసెంబరు వరదల్లో మేం కూడా ముక్కూ మొహం తెలియనివాళ్ల మేడ మీద రెండు రాత్రులున్నాం. మమ్మల్ని ఎవరూ ఉత్తరం అడగలేదు, కులం అడగలేదు. అప్పుడు చర్చిలు, మసీదులు తలుపులు తీశాయి. అందుకే అంటున్నా, మన హాలు వారంలో ఆరు రోజులు తాళమేసే ఉంటుంది. రెండు మంచాలు, ఒక గ్యాస్ పొయ్యి పెడితే ఎవరి ఇంటికీ భయం లేదు. నాలుగో శతాబ్దంలోనే కైసరయలో బాసిలు బిషప్పు, బీదలకూ బాటసారులకూ ప్రత్యేకంగా వసతి కట్టించాడు.

అయనావరం పెద్దాయన:
హాలు తెరవాల్సిందే, మంచం నేనిస్తాను. అయితే బాసిలు తర్వాత కొద్ది కాలానికే యోహాను క్రిసొస్తొమ్ అనే బిషప్పు అపొస్తలుల కార్యాల మీద ప్రసంగిస్తూ, సంఘం చూసుకుంటుందిలే అని ఊరుకోవద్దనీ, ప్రతి ఇంట్లో క్రీస్తు కోసం ఒక గది ఉంచుకోమనీ చెప్పాడు. మనకు గది లేదు. ఒక చాప ఉంది.

పెరంబూరు కోడలు:
మావారికి ఇదంతా చదివి వినిపించాను. అయ్యగారితోనూ మాట్లాడాం. ఉత్తరం తెచ్చినా వాళ్ల ఊరి సంఘ కాపరికి ముందే ఫోన్ చేస్తారు. రెండు రాత్రులే. ఎవరింటికి ఎవరన్నది చీటీలు తీసి నిర్ణయిస్తారు, ఇంటిపేరు రాయరు. చెయ్యెత్తే ముందు ఇంట్లో అడగాలి. హాలు సంగతి పెద్దల కమిటీలో ఇంకా తేలలేదు, తాళం ఎవరి దగ్గరుండాలన్న దగ్గరే ఆగింది.

కావలి ఆవిడ నిన్న ఫోన్ చేసింది. ఆయనకు మళ్లీ పరీక్షలున్నాయట, శనివారం పినాకిని రైలుకి వస్తున్నారు. మా ఇంటికే రమ్మన్నాను. గంజి మావారు కాస్తారు. గొంతు నొప్పి ఉన్నవాళ్లకు ఎంత పలచగా ఉండాలో, అయ్యా, కాస్త చెప్పండి.