హాల్ టంకశాల 1632 థాలర్: వంగి ఉంది, కొనొచ్చా?

ప్రశ్న:
ఆస్ట్రియాలోని టిరోల్ ప్రాంతాన్ని ఏలిన ఆర్చ్‌డ్యూక్ ఐదో లియోపోల్డ్ థాలర్ (పెద్ద వెండి నాణెం), అక్కడి హాల్ పట్టణపు టంకశాలది. బరువు 28.41 గ్రాములు, వ్యాసం 41 మి.మీ. బల్ల మీద పెడితే పళ్లెంలా ఊగుతోంది. బొమ్మ తలకు సరిగ్గా పైన, అంచు మీద నున్నటి మచ్చ ఉంది. అమ్మేవారు "వంగింది కాబట్టే ధర తగ్గించా" అంటున్నారు. నకిలీ అయి ఉంటుందా?

జవాబు 1:
వంపుకి బెంగపడకండి. హాల్‌లో అప్పట్లో థాలర్లను సుత్తితో కొట్టలేదు. అచ్చులు చెక్కిన రెండు రోలర్ల మధ్య వెండి రేకును నడిపి, తర్వాత నాణేలుగా కత్తిరించేవారు. ఆ వంపు అక్కడే వస్తుంది, నాణెమంతా ఒకే దిశలో సమానంగా ఉంటుంది. ఒక్కచోటే మడతలా ఉండి, అక్షరాల మీదుగా గీత పడితే అది తర్వాత తగిలిన దెబ్బ. సరిచేద్దామని మాత్రం నొక్కకండి. పాత వెండి పెళుసెక్కి ఉంటే పగులుతుంది. 1632 తేదీవి తరచూ దొరికేవే, తొందరేం లేదు.

జవాబు 2:
అసలు చిక్కు ఆ మచ్చే. మెడలో వేసుకోడానికి కొక్కెం అతికించి, తర్వాత పీకేసినట్టుంది. బొమ్మ నిటారుగా వేలాడాలి కాబట్టి కొక్కెం దాదాపు ఎప్పుడూ తల పైనే ఉంటుంది. పది రెట్ల భూతద్దంతో అంచు చూడండి: ఆకురాయి గీతలు, రంగు తేడాగా మాటు, పక్కనే అరిగిపోయిన అక్షరాలు. ఇవుంటే ధర బాగా తగ్గాలి, వంపుకి కాదు.

లోహానికి నీటి పరీక్ష చాలు. 0.01 గ్రాము చూపే కాటా మీద నీళ్ల గ్లాసు పెట్టి సున్నా చేయండి. నాణేన్ని సన్నదారంతో, అడుగు తాకకుండా పూర్తిగా ముంచండి. 875 వెండికి (వెయ్యికి 875 పాళ్లు వెండి) సాంద్రత దాదాపు 10.27, అంటే 28.41ని దాంతో భాగిస్తే వచ్చే 2.77 గ్రాముల దగ్గర కాటా చూపాలి. తగరం ఎక్కువున్న, అచ్చులో పోతపోసిన నకిలీ నాణెమైతే ఇదే బరువుకి 3.8 దాటుతుంది. గాలి బుడగలు అంటుకుంటే అంకె పెరిగి మంచి నాణెమే నకిలీలా కనిపిస్తుంది, కుంచెతో తుడిచేయండి.

ప్రశ్న అడిగినవారు:
2.78 వచ్చింది. అంచు మీద ఆకురాయి గీతలున్నాయి. నల్లదనం తీసేయొచ్చా?

జవాబు 2:
వెండే. కొక్కెం పీకిన నాణెంగానే బేరమాడండి. నల్లదనం ముట్టుకోవద్దు, వెండి పాలిష్ పెడితే పైపొర అరిగి, ఇక తిరిగి రాదు. ఆకుపచ్చ జిగురు ఉంటే మాత్రం అది పీవీసీ కవరుది. స్వచ్ఛమైన ఎసిటోన్‌లో ముంచి, రుద్దకుండా ఆరనివ్వండి. గాలి ఆడేచోట, మంటకి దూరంగా చేయాలి. తర్వాత పీవీసీ లేని మైలార్ ప్లాస్టిక్ కవరులో పెట్టండి.