బెంగళూరులో పాత ఆక్టేవియా వీఆర్‌ఎస్ 230: కొనేముందు ఏమేం చూడాలి?

గుత్తి రోడ్:
అనంతపురం నుంచి అడుగుతున్నా. బెంగళూరులో 2018 మోడల్ స్కోడా ఆక్టేవియా వీఆర్‌ఎస్ 230 అమ్మకానికి ఉంది. కేఏ నంబర్, సెకండ్ ఓనర్, మీటర్ మీద 64 వేల కిలోమీటర్లు. 45 వేల దాకా షోరూం సర్వీస్, ఆ తర్వాత బయట చేయించారు. ఫుల్ స్టాక్ (కంపెనీ నుంచి వచ్చినట్టే, ఏమీ మార్చలేదు) అంటున్నారు. మామూలు కారుకు ఏం చూడాలో తెలుసు. ఈ టర్బో పెట్రోల్, డీఎస్‌జీ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్) బండికి ప్రత్యేకంగా ఏం చూడాలి? ఏపీ రిజిస్ట్రేషన్‌కు మార్చుకోవాలంటే ఏమేం కావాలి? ఈ ఆదివారం చూడటానికి పోతున్నా.

టర్బో కడప:
అన్నా, ఆదివారం వద్దు. వర్క్‌షాపులు మూసింటారు. వోక్స్‌వాగన్, స్కోడా బండ్లే చేసే చోట లిఫ్ట్ ఎక్కించి, స్కానర్ పెట్టి చూడకుండా అడ్వాన్స్ ఇయ్యొద్దు.

ముందు తేల్చుకోవల్సింది ఒకటే. బండి నిజంగా స్టాకా, లేదంటే రీమ్యాప్ చేసి (పవర్ పెంచేదానికి ఇంజన్ కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ మార్చి) నడిపి అమ్మేముందు వెనక్కి మార్చినారా? కంపెనీ నుంచి వచ్చేది 230 పీఎస్ పవర్, 350 ఎన్‌ఎం టార్క్. స్టేజ్ 1 అనే మొదటి స్థాయి రీమ్యాప్ ఎక్కిస్తే టార్క్ 400 దాటుతాది. ఆ భారమంతా పడేది గేర్‌బాక్స్ లోపలి క్లచ్ ప్యాకుల మీద. స్టాక్ ఫైల్ (కంపెనీ సాఫ్ట్‌వేర్) మళ్లీ ఎక్కించినా అరిగిన క్లచ్ కొత్తదైపోదు గదా.

ఎట్ల కనుక్కోవల్లంటే: ఎయిర్‌బాక్స్ (ఎయిర్ ఫిల్టర్ డబ్బా) స్క్రూల తలలు అరిగినాయేమో చూడు. టర్బో పైపుల మీద కంపెనీ క్లిప్పుల బదులు బయట దొరికే స్క్రూ క్లాంపులు ఉంటే ఎవరో విప్పినట్టే. డౌన్‌పైప్ (టర్బో నుంచి వచ్చే పొగ గొట్టం) నట్లు మాత్రమే మెరుస్తా ఉంటే అదీ గుర్తే. షోరూంలో వాళ్ల సిస్టమ్‌కు కలిపించి ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) మీద టీడీ1 అని ఫ్లాగ్ పడిందేమో అడుగు. ఫైల్ మార్చిన ఈసీయూకు కంపెనీ పెట్టే గుర్తు అది. ఫ్లాగ్ లేనంత మాత్రాన రీమ్యాప్ జరగలేదని చెప్పలేం, ఉంటే మాత్రం ఇంక వాదన లేదు.

స్కానర్‌లో ఎర్రర్ కోడ్‌తో పాటు అది ఏ కిలోమీటర్ దగ్గర పడిందో కూడా ఉంటాది. మీటర్ 64 వేలు చూపిస్తా, ఏదో మాడ్యూల్లో కోడ్ 90 వేల దగ్గర పడినట్టుంటే మీటర్ తిప్పినారని అర్థం. కోడ్ ఒక్కటీ లేకుండా రెడీనెస్ టెస్టులు (బండి తనంతట తాను చేసుకునే పరీక్షలు) కూడా పూర్తి కాలేదని వస్తే, మీరొస్తారని అప్పుడే తుడిచేసినారు.

పెన్నా తీరం:
పైన చెప్పింది నిజం. దానికి ఇంజన్, గేర్‌బాక్స్ సంగతి కలుపుతాను.

ఓనర్‌కు ముందే చెప్పండి, మీరు వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని. వెళ్లగానే బోనెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే ఆ రోజు వదిలేసి ఇంకో పొద్దున వెళ్లండి. చల్లటి ఇంజన్ స్టార్ట్ అవుతూనే రెండు మూడు సెకన్లు గలగలమంటే టైమింగ్ చైన్, దాన్ని బిగించే టెన్షనర్ చూపించాలి. వేడెక్కాక ఆ శబ్దం వినపడదు.

ఈ బండిలోని ఈఏ888 ఇంజన్‌కు బాగా తెలిసిన జబ్బు వాటర్ పంప్, థర్మోస్టాట్ హౌసింగ్. అది ప్లాస్టిక్. వేడికి వంగి సీల్ దగ్గర కూలెంట్ కారుతుంది. ఇన్‌టేక్ మానిఫోల్డ్ కింద దాక్కుని ఉంటుంది కాబట్టి టార్చ్ వేసి చూడాలి. ఎండిన గులాబీ రంగు పొర కనిపించినా, తియ్యటి వాసన వచ్చినా కారుతోందనే. సీల్ ఒక్కటే మార్చి లాభం లేదు, మొత్తం యూనిట్ మార్చాలి. ఆ ఖర్చు ధరలో తగ్గించమనండి.

డ్యాష్‌బోర్డ్ టెంపరేచర్ ముల్లును నమ్మకండి. అసలు వేడి కొంత అటూ ఇటూ అయినా అది 90 దగ్గరే నిలబడేలా చేశారు. మన ఎండల్లో నడపాల్సిన బండి కాబట్టి, బాగా తిప్పాక ఏసీ వేసి పావుగంట నిలబెట్టి, స్కానర్‌లో కూలెంట్ వేడి చూడండి. ఫ్యాన్ తిరిగాక దిగాలి. ఎక్కుతూనే పోతే వద్దు.

డీఎస్‌జీ ఇందులో 6 గేర్లది, ఆయిల్‌లో మునిగే క్లచ్. 7 గేర్ల డ్రై క్లచ్ బాక్స్ భయాలు దీనికి పెట్టుకోకండి. కానీ 60 వేలకు ఆయిల్, ఫిల్టర్ మార్చి తీరాలి. ఐదు లీటర్ల పైచిలుకు పడుతుంది. బిల్లు అడగండి. ట్రాఫిక్‌లో బ్రేక్ వదిలి పాకించినప్పుడు, 1 నుంచి 2కు మారేటప్పుడు వణుకు ఉండకూడదు. ఎత్తు మీదికి రివర్స్ కూడా చేయించండి.

టర్బో కడప:
ఆయిల్ బిల్లు లేకపోతే నేనైతే బండే వద్దంటా.

పెన్నా తీరం:
అంత అక్కర్లేదు. గేర్లు నున్నగా పడుతుంటే వచ్చిన రోజే ఆయిల్ మార్పించుకోవచ్చు. వణుకు ఉండి బిల్లూ లేకపోతే అప్పుడు వదిలేయాలి.

కొండారెడ్డి బురుజు:
బాడీ, కాగితాల గురించి చెప్తాను.

2022 సెప్టెంబర్‌లో బెంగళూరు ఔటర్ రింగ్ రోడ్ వైపు చాలా ఖరీదైన కార్లు నీళ్లలో మునిగాయి. కాబట్టి సీట్ బెల్ట్ చివరిదాకా లాగి బురద మరక చూడండి. సీటు పట్టాల తుప్పు, స్టెప్నీ గుంత, ఫ్యూజ్ బాక్స్ మూలలు చూడండి. మునిగిన బండిని ఎంత తక్కువకిచ్చినా తీసుకోకండి. వైరింగ్ జబ్బులు ఏళ్ల తరబడి బయటపడుతూనే ఉంటాయి.

పెయింట్ గేజ్ (రంగు మందం కొలిచేది) పెడితే కంపెనీ రంగు సాధారణంగా 90 నుంచి 150 మైక్రాన్లు. 200 దాటితే మళ్లీ వేసింది, 500 దాటితే కింద పుట్టీ ఉంది. బంపర్ ప్లాస్టిక్ కాబట్టి గేజ్ పనిచేయదు. ఇగ్నిషన్ ఆన్ చేయగానే ఎయిర్‌బ్యాగ్ లైట్ వెలిగి ఆరాలి. అసలు వెలగకపోతే ఏదో దాచారు.

కింద సంప్ (ఇంజన్ ఆయిల్ తొట్టి) తప్పక చూడండి. ఈ ఇంజన్‌లో దాని అడుగుభాగం ప్లాస్టిక్‌ది, మన ఊళ్ల స్పీడ్ బ్రేకర్లకు పగులుతుంది. టైరు మీద డీఓటీ కోడ్‌లో చివరి నాలుగంకెలు వారం, సంవత్సరం. 2319 అంటే 2019లో 23వ వారం. ఆరేళ్లు దాటితే బటన్ ఎంతున్నా మార్చాల్సిందే. లోపలి అంచు ఒక్కటే అరిగితే అలైన్‌మెంటో సస్పెన్షనో తేడా.

కాగితాలు: కర్ణాటక ఆర్టీవో నుంచి ఎన్‌ఓసీ (ఫారం 28), బదిలీకి 29, 30, లోన్ ఉండి తీరితే బ్యాంకు సంతకంతో 35. పాత చలాన్లు మొత్తం కట్టించి ఉండాలి. ఏపీలో లైఫ్ టాక్స్ మళ్లీ కట్టాలి. అది మీరు కొన్న ధర మీద కాదు, అసలు ఇన్వాయిస్ ధర, బండి వయసును బట్టి పడుతుంది. వీఆర్‌ఎస్‌కు అది పెద్ద మొత్తం, బేరం మొదలుపెట్టకముందే మన ఆర్టీవో ఆఫీసులో లెక్క వేయించుకోండి. కర్ణాటకలో కట్టినదాంట్లో మిగిలిన కాలానికి రీఫండ్ అడగొచ్చు, దాని రసీదు ఓనర్ దగ్గర తీసుకోండి. ఇన్సూరెన్స్ 14 రోజుల్లోపు మీ పేరు మీదికి మార్చమని దరఖాస్తు పెట్టాలి. పాత ఓనర్ ఎన్‌సీబీ (క్లెయిమ్ చేయనందుకిచ్చే డిస్కౌంట్) మీకు రాదు.

గుత్తి రోడ్:
చాలా థ్యాంక్స్. మంగళవారానికి మార్చుకున్నా. ఓనరే బండిని వర్క్‌షాపుకు నడిపి తెస్తానంటున్నాడు, మరి కోల్డ్ స్టార్ట్ ఎట్లా?

పెన్నా తీరం:
పొద్దున ఆరింటికి వాళ్ల ఇంటి దగ్గరే స్టార్ట్ చేయించి వినండి. తర్వాత ఆయన పక్కన కూర్చుని వర్క్‌షాపు దాకా వెళ్లండి, ఆ ట్రాఫిక్‌లోనే డీఎస్‌జీ పరీక్ష అయిపోతుంది.