సిలికాన్ రామన్ పీక్ 520 నుంచి 511కి దిగింది, ఇది సైజు వల్లేనా?

కావలి_ఫిజిక్స్:
ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి సిలికాన్ పొడిని బాల్ మిల్లులో 20 గంటలు నూరాను. ఎక్స్‌ఆర్‌డీ (ఎక్స్-రే డిఫ్రాక్షన్) తీసి, పీక్ వెడల్పు నుంచి గింజ సైజు చెప్పే షెరర్ సూత్రంతో లెక్కేస్తే సైజు 30 నానోమీటర్లు వచ్చింది. మా దగ్గర రామన్ మెషీన్ (లేజర్ వేసి, చెదిరిన కాంతిలో పరమాణువుల కంపనాలు చూసేది) లేక శాంపిల్ బయటికి పంపించా. పీక్ 511 cm⁻¹ (కంపన ఫ్రీక్వెన్సీకి వాడే యూనిట్) దగ్గర ఉంది, ఎడమవైపు తోకలా సాగింది. సైజు తగ్గితే కిందికి జరుగుతుంది, రాసేయ్ అంటున్నారు మా గైడ్. నాకేమో మనసొప్పడం లేదు.

ఒంగోలు_రీసెర్చ్:
రాయొద్దు తమ్ముడూ. పెద్ద క్రిస్టల్‌లో వేవ్‌వెక్టర్ (అల ఎటు, ఎంత దగ్గరదగ్గరగా పోతోందో చెప్పేది) దాదాపు సున్నా ఉన్న ఫోనాన్లే, అంటే క్రిస్టల్ కంపనాలే, రామన్‌లో కనిపిస్తాయి, అందుకే 520 దగ్గర సన్నటి గీత. గింజ చిన్నదయ్యేకొద్దీ ఆ నియమం సడలి పక్క వేవ్‌వెక్టర్లు కూడా వచ్చి కలుస్తాయి, సిలికాన్‌లో ఆ ఆప్టికల్ బ్రాంచి (ఈ రకం కంపనాల ఫ్రీక్వెన్సీ గ్రాఫ్) వేవ్‌వెక్టర్ సున్నా దగ్గర నుంచి కిందికి వాలి ఉంటుంది గనక పీక్ దిగి ఎడమకే సాగుతుంది. 1981లో రిక్టర్, వాంగ్, లే ఇచ్చిన మోడల్ ఇదే. కానీ ఇదంతా గట్టిగా కనిపించేది 10 నానోమీటర్ల లోపు. 30కి ఒక్క యూనిట్ కూడా జరగదు. లేజర్ పవర్ ఎంత పెట్టారు?

కావలి_ఫిజిక్స్:
ఫోన్ చేసి అడిగానన్నా. ఫుల్ పవర్ అంట.

నెల్లూరు_లెక్చరర్:
అయితే అది వేడి బాబూ. పొడిలో గింజకీ గింజకీ మధ్య గాలే కదా, వేడి పోయే దారుండదు. సిలికాన్ పీక్ డిగ్రీకి సుమారు 0.02 చొప్పున దిగుతుంది, అంటే నీ 9 యూనిట్లకి 400 డిగ్రీల పైమాటే! పీహెచ్‌డీలో నేనూ ఇలాగే ఆరు నెలలు పోగొట్టుకున్నాను, చివరికి శాంపిల్‌ని మైక్రోస్కోప్ కింద పెడితే లేజర్ పడిన చోట ఆవగింజలో సగం కూడా లేని నల్ల మచ్చ, ఆ మచ్చ ఇప్పటికీ కళ్లలో ఉంది. ఫిల్టర్ వేసి 10 శాతం, తర్వాత 1 శాతం పవర్‌తో తీయించు. పీక్ వెనక్కొస్తే వేడి. అదే రోజు మామూలు సిలికాన్ వేఫర్ (పలుచటి పెద్ద క్రిస్టల్ బిళ్ళ) స్పెక్ట్రమ్ కూడా అడుగు, అది లేకపోతే పోల్చడానికి ఏమీ ఉండదు.

ఒంగోలు_రీసెర్చ్:
అవును మేడమ్. ఇంకోటి, సైజు తగ్గితే అన్నీ కిందికే జరగవు. నేను చేసిన అనటేజ్ టైటానియా (టైటానియం డయాక్సైడ్‌లో ఒక రకం క్రిస్టల్) 144 పీక్ పైకి జరుగుతుంది.

కొత్త_సభ్యుడు:
గింజ మొత్తం ఒక్కటిగా కంపించే మోడ్ కూడా ఉంటుందని విన్నాను, నిజమేనా?

నెల్లూరు_లెక్చరర్:
ఉంది. గుడిలో చిన్న గంట స్వరం పెద్ద గంట కన్నా హెచ్చుగా ఉంటుంది చూడు, అలాగే వ్యాసం సగమైతే ఫ్రీక్వెన్సీ రెట్టింపు. గోళం కంపనాల లెక్క 1882లోనే లాంబ్ కట్టాడు. కానీ అవి లేజర్ గీతకి బాగా దగ్గరగా ఉంటాయి, లేజర్‌ని ఆపే మామూలు ఫిల్టర్ వాటిని కూడా మింగేస్తుంది.

కావలి_ఫిజిక్స్:
1 శాతం పవర్‌తో తీయించా. 519.6! వేఫర్ 520.5. ఆ మిగిలిన 0.9 సంగతేంటి?

ఒంగోలు_రీసెర్చ్:
నూరినప్పుడు స్ట్రెయిన్ (క్రిస్టల్ సాగడం, నొక్కుకోవడం) వస్తుంది, కొంత ఎమార్ఫస్ (పరమాణువుల వరుస చెదిరినది) కూడా అవుతుంది. ఎమార్ఫస్ అయితే 480 దగ్గర తెలుస్తుంది, అక్కడ వెడల్పాటి ఉబ్బు ఉందేమో చూడు.

కావలి_ఫిజిక్స్:
ఉందన్నా, చిన్నగా. రాత్రికి ప్లాట్ పెడతా.